కాంతిని దాటిన కొలత

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నాన్నా నేనూ వేళకు తింటున్నాం, ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కా, పసిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పసిదానికి అచ్చం నీ ముక్కే వచ్చిందని రాశావు. అక్క ఒప్పుకుందా?

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. తేలికైనది ముందు. "కృష్ణబిలంలో పడితే వెలుతురు కూడా బయటికి రాదంటారు, మరి మీ నాన్న ఇన్నేళ్ళుగా ఏం చూస్తున్నట్టు?" అన్నావు. లోపలిది ఎవరికీ కనపడదమ్మా. పడబోయే వాయువు దాని చుట్టూ గిర్రున తిరుగుతూ, ఒరుసుకుని, కాగి భగ్గుమంటుంది. నాన్న చూసేది ఆ అంచు మంటని. "వెలుతురునే మింగేదంటే మీ నాన్న పుస్తకాల బీరువా లాంటిదన్నమాట" అన్న నీ మాట చదివి వినిపించాను. నాన్న నవ్వలేదు.

నాన్న ఫోనులో ఎందుకంత ముభావంగా ఉంటున్నారన్నది నీ రెండో ప్రశ్న. నోటితో చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

ఆ బిలానికి వెనకగా ఒక వాయుమేఘం ఉంది. అంచున మెరుపు పుడితే, ఆ వెలుగు వెళ్ళి తగిలాకే మేఘం మెరవాలి. కాంతి కంటే వేగంగా ఏదీ పోలేదు కాబట్టి ఎంత లేదన్నా కొంతసేపు పట్టాలి. నాన్న కొలతల్లో అంతసేపు పట్టలేదు. ఏదో కాంతిని దాటి పోయింది! ఆయన ముందు తన లెక్కనే అనుమానించి నెలల తరబడి మళ్ళీ మళ్ళీ చేశారు. అదే తేలింది. ఉద్యోగం ఆఖరి ఏడాదిలో ఇలాంటిది చేతికి రావడం ఎంతమందికి దక్కుతుంది? పరిశోధనశాల పెద్దలు సభ పెట్టి ప్రకటిద్దామన్నారు. నువ్వేమో అక్క వాళ్ళ వీధి వీధంతా చాటావు.

అక్కడ పాతాయన వెళ్ళిపోయాక యంత్రాలు చూసే పని ఈమధ్యే నాకు వచ్చింది. మెరుపును నమోదు చేసేది ఒకటి, మేఘాన్ని నమోదు చేసేది ఇంకొకటి. సభకు ముందు సరిచూస్తుంటే రెండోదాని గడియారం వెనకబడి కనిపించింది. ఎప్పుడో కరెంటు పోయి వచ్చాక అది మొదటిదానితో కలవలేదు. మేఘం ఆలస్యంగా మెరిసినా, ముందే మెరిసినట్టు రాసుకుంటూ పోయింది. నేరుగా నాన్న దగ్గరికి వెళ్ళాను.

నాన్న తన గదిలో ఉపన్యాసం దిద్దుకుంటున్నారు.

"నాన్నా, మేఘం యంత్రం గడియారం వెనకబడింది."

"ఎంత?"

"సరిగ్గా మీ లెక్కలో తగ్గినంత."

కలానికి మూత పెట్టి, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు."

కిటికీ రెక్క తెరిచారు, మళ్ళీ మూశారు. నావైపు తిరిగి చాలాసేపు చూసి, "నేనే చెప్తాను" అన్నారు.

చెప్పారు కూడా. "నా కొలత తప్పు. గడియారాలు కలిశాయో లేదో చూసుకోవలసినవాణ్ణి నేను. కాంతిని ఏదీ దాటలేదు" అని నిండు సభలో అన్నారు. వెనకనుంచి ఎవరో "పోన్లెండి, కాంతి పరువు దక్కింది" అంటే అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వారు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

ఇంతటితో ఆపేద్దామనుకున్నాను. కానీ ఒకటి మిగిలిపోయింది. ఆయన "చెప్పకు" అనగానే నేను తల ఊపాను, అమ్మా. ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఊపేశాను. ఆయన చూశారు. చేతిదాకా వచ్చిన పేరు పోయిందని దిగులు పడుతున్నారని అందరూ అనుకుంటున్నారు. నేను ఆయన్ని అంత తక్కువగా తలచానని కుమిలిపోతున్నారేమోనన్నది నా భయం.

నిన్న ఇద్దరం గిన్నెలు కడుగుతుంటే ఇక ఉండబట్టలేక అనేశాను.

"నేను తల ఊపాను, నాన్నా."

"చూశాను."

"మీరు దాచమంటున్నారనుకున్నా."

చేతిలో గిన్నె బోర్లించి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు.

"దాచమనే అన్నానమ్మా. నువ్వు తల ఊపడం చూశాకే భయమేసింది. నాతోపాటు నిన్నూ అబద్ధంలోకి లాగుతున్నానని."

మిగిలిన గిన్నెలు ఆయన ఒక్కొక్కటే అందిస్తుంటే నేను సర్దాను.

ఈ సంగతి ఆయన నీకు ఎప్పటికీ చెప్పరు. నువ్వూ అడగకు. వీలైతే కొంచెం తొందరగా వచ్చెయ్.

ఇట్లు,
నీ చిన్నది