ముడిమ్యాల గడ్డినేలలో గుంతలు

సుశీలక్కా,

మంగళవారం పొద్దున ముడిమ్యాలలో నీ గడ్డినేల నిండా గుంతలు తవ్వారు. చెట్లు నాటడానికి. నీ జ్ఞాపకార్థం.

నువ్వు పోయి తొమ్మిది నెలలు. ఈ వార్త నీకెలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఆగాను...

నువ్వు లేకపోయినా, పోయిన చలికాలం గింజ రాలేదాకా ఎవరూ గడ్డికి కొడవలి పెట్టలేదు. రాలాకే కోసి బర్రెలకు మోసుకెళ్లారు. ఊరికి నువ్వు నేర్పిన పద్ధతి అది. ఇక్కడి గడ్డిని ఎవరూ పట్టించుకోని రోజుల్లో నువ్వు ఒక్కదానివే దాన్ని కాపాడటం మొదలుపెట్టావు. ఇప్పుడు కాలేజీ పిల్లలు ఆ నేల చూడటానికే బస్సు వేసుకుని వస్తున్నారు.

గుంతలు తవ్వింది కూడా ఆ కొడవలి ఆపిన చేతులే. మొక్కల శాస్త్రవేత్తవు కాబట్టి నీకు చెట్లంటే ప్రాణమనుకున్నారు.

నన్ను మొదటిసారి అక్కడికి తీసుకెళ్లినప్పుడు ఏమన్నావు? “ఏం రిపోర్టర్ సాబ్, చెట్లు లేవని మొకం అట్ల పెట్టినవ్? ఈ గడ్డికి ఎండే బువ్వ. నీడ పడ్డదంటే సస్తది. గిది రాస్కో ముందు, ఫోటోలు తర్వాత.”

సర్పంచ్ మల్లేశానికి అదే చెప్పబోయాను. ఆయన లెక్క వేరు. వట్టి గడ్డి కనిపిస్తే ఖాళీ జాగా అనుకుంటారట. చెట్లుంటే ప్లాట్ల వాళ్లు చెయ్యి వేయరట. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రోడ్డు పొడవునా వెంచర్ల బోర్డులే.

గడ్డిని ఉంచితే నేల పోతుందా? నేల దక్కితే చాలా?

ఒకసారి కంచె వేయిద్దామంటే నవ్వావు. “కంచె ఎందుకు తమ్మీ? జాగ ఊరోళ్లది, నేను కిరాయిదాన్ని. వాళ్లకు సమజ్ చేయకుంటే నా సదువు దేనికి?”

అంటే ఊరి మాటే చివరి మాటా? మరి ఆ నీడ సంగతి? రెండూ నువ్వన్నవే. దేన్ని పట్టుకోవాలి అక్కా...

గట్టు వెంట మాత్రమే నాటమని అడుగుదామనుకుంటున్నాను. ఆ నీడ ఎంత లోపలికి పడుతుందో నాకు తెలియదు. నువ్వుంటే కొలిచి చెప్పేదానివి.

మొదటి మొక్క నన్ను నాటమన్నారు. నాటే ముందు నీడ సంగతి ఊరికి చెప్పనివ్వాలన్నాను. మల్లేశం ఒప్పుకున్నాడు.

మొక్కల బండి శనివారం సాయంత్రం వస్తుంది. ఆదివారం పదింటికి గడ్డినేల దగ్గరే ఊరంతా కూర్చుంటుంది. మొదట మాట్లాడేది నేను.