దీపం నూనె మఫిన్లు

4 ఫిబ్రవరి 2025, మంగళవారం

నిన్న ఉదయం మా మనవరాలు గార్గి బస్సులో కళ్ళు తిరిగి పడిపోయింది. శిడ్లఘట్ట దగ్గర. చింతామణిలో పట్టుపురుగుల పెంపకం చదువుతోంది, రోజూ చిక్కబళ్ళాపురం నుంచి వెళ్ళి వస్తుంది. డాక్టరు రక్తపరీక్ష చూసి ఒకే మాట చెప్పాడు. పిల్ల ఉదయం ఏమీ తినడం లేదు, తినకపోతే మళ్ళీ పడుతుంది.

నా ఇంటి పిల్ల ఖాళీ కడుపుతో గడప దాటిందంటే ఆ తప్పు వంటింటిది. వంటిల్లు నాది. హైస్కూల్లో లెక్కలు చెప్పినన్నాళ్ళూ, తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే ప్రతి మెట్టూ రాయాలని పిల్లలకు చెప్పేదాన్ని. అందుకే ఈరోజు రాయడం మొదలుపెట్టాను. ఎవరికీ చూపించడానికి కాదు.

పరిస్థితి ఇది. కొడుకు శ్రీధరకు దేవనహళ్ళి విమానాశ్రయంలో, కార్గోలో షిఫ్ట్. కోడలు మైత్రేయి బాగేపల్లిలో లెక్చరర్. గార్గిది ఆరున్నర బస్సు. ముగ్గురూ నిలబడే కాఫీ తాగి పరుగెత్తుతారు. ఇడ్లీకి కూర్చునే తీరిక ఎవరికీ లేదు. చేత్తో పట్టుకుని తినేది ఏదైనా కావాలి. పండ్లు వేసిన మఫిన్లు గార్గే ఒకసారి ఫోన్లో చూపించింది. శ్రీధర ఎప్పుడో కొన్న ఓవెన్ అటక మీద అట్టపెట్టెలోనే ఉంది. రేపు దించమంటాను.

6 ఫిబ్రవరి, ఉదయం

మొదటి వాయి. గోధుమపిండి రెండు పాళ్ళు, రాగిపిండి ఒకటి, బెల్లం ఒకటి, పెరుగు, సోడా, వేరుశనగ నూనె, మెదిపిన చిన్నరకం యాలక్కి అరటిపండ్లు. గుడ్డు మా గడప తొక్కదు.

మాడిపోయింది. పొగ కళ్ళబడితే పరుగెత్తాను. మైత్రేయి మేడ మీద నుంచి దిగివచ్చి, వాసన పైదాకా వచ్చింది కదా అత్తమ్మా, మీకు తెలీలేదా అంది. టైమర్ మీద నెపం పెట్టాను.

6 ఫిబ్రవరి, మధ్యాహ్నం

టైమర్ తప్పు కాదు. ఇక్కడైనా నిజం రాయాలి. ఆగస్టులో జ్వరం వచ్చి పోయినప్పటి నుంచి నాకు వాసన తెలియడం లేదు. తీపి తెలుస్తుంది, ఉప్పు తెలుస్తుంది, పులుపు, కారం తెలుస్తాయి. వాటి వెనక ఉండవలసింది మాత్రం లేదు. కాఫీ, వాన, కర్పూరం అన్నీ గాజు పలక అవతల ఉండిపోయాయి.

ఎవరూ కనిపెట్టలేదు. మాది అర్చకుల వంశం. దేవుడికి పెట్టకముందు రుచి చూడకూడదు, వాసన కూడా చూడకూడదు. నా వంట ఎప్పుడూ కొలత మీదే నడిచింది. ముక్కు ఉన్నా లేకపోయినా కొలత మారదు.

చెబితే గ్యాస్ ముట్టుకోవద్దంటారు. వంటమనిషిని పెడతారు. గార్గి ఆమె చేతిది తింటుందా? నా చేతిదే తినడం లేదు.

8 ఫిబ్రవరి

కలలో వాసన వస్తుంది.

ద్రాక్షతోటలో నడుస్తున్నాను. పందిరి కింద పచ్చటి చీకటి. గుత్తులు నల్లగా, తలకు తగిలేంత కిందికి. ఆ వాసన ఎవరో తెలిసిన మనిషిలా వచ్చి చెయ్యి పట్టుకుంది. ఎక్కడికని అడగలేదు. వెళ్ళాను. మెలకువ వచ్చేసరికి చెయ్యి ఖాళీ.

స్నానం చేసి ఓవెన్ వేశాను. లోపల చిన్న దీపం వెలిగింది. తూర్పున లేవవలసిన సూర్యుడు ముందే వచ్చి వంటింట్లో కూర్చున్నట్టుంది. పిండి కప్పుల్లో నెమ్మదిగా లేచింది, నిద్రపోతున్న పసిపిల్లల పొట్టల్లా.

9 ఫిబ్రవరి, ఆదివారం

కొలత కుదిరింది. సెలవు కాబట్టి గార్గి పొద్దెక్కి లేచి రెండు తిన్నది. రేపటి నుంచి ముగ్గురికీ బాక్సులు.

12 ఫిబ్రవరి

బాక్సులు ఖాళీగా తిరిగి వస్తున్నాయి.

నూనె అయిపోయింది. మాకు పరగోడు ఊరి గంగప్ప గానుగ నూనె తెచ్చి ఇస్తాడు. ఈ నెలే కొత్త డబ్బా వచ్చింది. కానీ ముందు వచ్చింది ముందు వాడాలి, అది ఈ ఇంటి పద్ధతి. వెనక ఉన్న నిరుటి డబ్బా తెరిచాను. రంగు బాగుంది.

13 ఫిబ్రవరి

ఈ పొద్దు ఇంకా బాగుండాదవ్వా, అంది గార్గి బాక్సు ఇస్తూ. శ్రీధర ఏమీ అనలేదు. వాడెప్పుడూ ఏమీ అనడు.

14 ఫిబ్రవరి

ప్రసాదంగా నేనూ ఒకటి తిన్నాను. తీపి సరిపోయింది.

16 ఫిబ్రవరి, ఆదివారం ఉదయం

పూలకు వచ్చిన పక్కింటి సుజాతమ్మకు ఒకటి ఇచ్చాను. జామపండు వేసినది. కొరికి, వెంటనే చేతిలోకి ఉమ్మేసింది. "ఏమమ్మా, దీపానికి పెట్టుకొన్న నూనె పోసినారా దీంట్లో?" అంది. ఆమె నోటికి అదుపు లేదని నవ్వి ఊరుకోబోయాను. శ్రీధర నవ్వలేదు. నేల చూస్తున్నాడు.

అడిగాను. బుధవారం నుంచీ అట్లే ఉండాదమ్మా, పాత నూనె కంపు, అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదన్నాను. "నీకు యాడ చెప్పేదమ్మా? నీ కొలత తప్పని చెప్పి ఈ ఇంట్లో ఎవురు బతికినారు?" అన్నాడు. మైత్రేయి ఊపిరి బిగబట్టి కాఫీతో మింగుతోందట. మీరు అంత పొద్దున లేచి చేస్తాండారు, ఎట్ల వద్దనేది అంది. సుజాతమ్మ పూలబుట్ట కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నవ్వుకు భుజాలు కదులుతున్నాయి.

అప్పుడు లెక్క తేలింది. బాక్సు తిన్న ఇద్దరికీ కంపు తెలిసింది. నాకు తెలియకపోవడానికి కారణం ఉంది. గార్గికి? చినుకు పడకముందే మట్టి వాసన చెప్పే పిల్ల అది. గురువారం ఇంకా బాగుంది అంది.

ఆ పిల్ల ఒక్కటీ తినలేదు.

16 ఫిబ్రవరి, సాయంత్రం

గార్గి ఏడవలేదు. మేడ మీద గోడకు ఆనుకుని, అంతా వరసగా చెప్పింది. పోయిన జూలైలో ఇడ్లీ తిని బస్సెక్కిందట. శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయే పట్టుగూళ్ళ మూటలు బస్సు నిండా ఉన్నాయి. ఆ వాసనకు కడుపు తిరిగి, ఒక రైతు ఒళ్ళో ఉన్న మూట మీదే వాంతి చేసింది. "ఏమ్మా, ఈ పొద్దు మంచి రేటొస్తుందని నేను పోతాంటే, నువ్వు గూళ్ళకు అభిషేకం చేస్తివే!" అన్నాడట ఆయన. బస్సంతా నవ్వింది. అప్పటి నుంచి ఖాళీ కడుపుతోనే ఎక్కుతోంది. పట్టు చదివే పిల్లకు పట్టుగూడు వాసన పడదంటే కాలేజీలో నవ్వుతారు, ఇంట్లో నువ్వు తిడతావు, ఎవురికి చెప్పేది అంది.

మఫిన్లు బస్‌స్టాపు దగ్గర కోతులకు వేస్తోందట. "బుధవారం నుంచి అవి కూడా ముట్టలేదవ్వా. ఎందుకో అనుకొంటి."

ఆ మాట అంటూనే ఆగి నా ముఖం చూసింది. నువ్వూ తింటివి కదా, నీకు తెలీలేదా అంది.  కిందికి వెళ్ళి వచ్చి, కళ్ళు మూసుకోమంది. ముక్కు దగ్గర ఏదో పెట్టింది. ఇదేమో చెప్పు. తర్వాత ఇంకొకటి. ఇది?

పిల్లలకు పరీక్షలు పెట్టిన దాన్ని. ఖాళీ కాగితం ఇచ్చాను.

కళ్ళు తెరిస్తే ఒక చేతిలో కర్పూరం, ఇంకో చేతిలో ఇంగువ డబ్బా. ఆ పిల్ల కళ్ళు అప్పుడు నిండాయి.

17 ఫిబ్రవరి

నా ముక్కు సంగతి గార్గి అందరికీ చెప్పేసింది. అనుకున్నదే అయింది. వంటమనిషిని పెడదామన్నాడు శ్రీధర. గ్యాస్ లీకైతే నీకు ఎట్ల తెలుస్తుందమ్మా అన్నాడు. తప్పు మాట కాదు. 

గార్గి చెప్పులు వేసుకుంటూ, ముక్కే కదా నాయనా కావల్సింది, నాది ఉండాది కదా, తెల్లారి నేను లేస్తాను అంది. ఆరు దాకా దుప్పటి వదలని పిల్ల. మైత్రేయి నవ్వేసింది. ఆదివారం దాకా చూద్దామన్నాడు శ్రీధర.

డాక్టరుకు ఫోన్ చేశాను. బస్సెక్కడానికి గంట ముందే ఇంట్లో కూర్చుని కొంచెం తినాలట. ముందు సీటు, కిటికీ పక్కన. ఖాళీ కడుపుకే ఎక్కువ తిప్పుతుందట.

19 ఫిబ్రవరి, బుధవారం, తెల్లవారుతూ

వచ్చింది. గార్గి, దుప్పటి కప్పుకునే, స్నానం లేకుండా. వంటింటి గడప అవతలే నిలబెట్టాను. కొత్త నూనె గిన్నెలో పోసి చెయ్యి చాచాను. బాగుండాది అంది. ఆ మాట చెల్లదన్నాను, దేనిలా ఉందో చెప్పాలి. కళ్ళు మూసుకుని ఆలోచించింది. చెనిక్కాయలు వేయించి గోనె మీద పోసినట్ల ఉండాది అంది. సరే, వేరుశనగ నూనె అలాగే ఉండాలి.

పండు తనే తెచ్చింది. పురుగుల మేతకు ఆకు కోసం పెంచే మల్బరీని పండు కాయనివ్వరు. కాలేజీ తోట గట్టు మీద కొయ్యకుండా వదిలేసిన చెట్టు ఒకటి ఉందట, లెక్చరర్‌ను అడిగి కోసుకొచ్చింది. నా వేళ్ళు ఊదా రంగయ్యాయి. నూనె తగ్గించి, శొంఠి వేసి, చిన్న కప్పుల్లో పోశాను.

ఓవెన్ ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నాను. గడప అవతల నుంచి గార్గి చెబుతూ ఉంది. ముందు బెల్లం వస్తాందవ్వా. వెనకనే పండు. తడి ఆకు మీద సిరా ఒలికినట్ల. ఇప్పుడు రాగి. వాన నిలిచిన చేలో ఎవురో రొట్టె కాలుస్తాండారు.

నాకు వాసన రాలేదు. ఆ చేను మాత్రం వచ్చింది. గట్టు మీద నడిచాను. గడ్డి తడిగా ఉంది. దూరంగా పొగ. ఎవరో నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు.

తియ్యవ్వా, అంచు మాడుతాండాది, అని గార్గి అరిచింది. టైమర్ ఇంకా మోగలేదు. తీశాను. సమయానికే తీశాను.

పూజ ముగిసేసరికి ఆరవుతుంది. పిల్ల ఇప్పుడే తినాలి. పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. ఇటు దేవుడి గది. అటు గడప, దుప్పటి, చెదిరిన జుట్టు. పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఎన్నడూ చేయనిది.

గడప వైపు నడిచాను.

సగం తిన్నది. కాసేపు చూసుకుని మిగతా సగం తిన్నది.

23 ఫిబ్రవరి, ఆదివారం

ఈ వారం బస్సులో ఏమీ కాలేదు. శ్రీధర వంటమనిషి మాట ఎత్తలేదు. ఇక జరగవలసినవి:

1. నిరుటి నూనె సుజాతమ్మకు. దీపానికే.
2. గ్యాస్ అలారం శ్రీధర బిగించాలి. శనివారం ముక్కు డాక్టరు దగ్గరికి, మైత్రేయితో.
3. వంట చెడితే నా ముఖం మీదే చెప్పాలి. కోతుల చేత చెప్పించకూడదు.
4. మొదటిది గార్గికి. రెండోది దేవుడికి. ఆయనకు చెప్పాను.
5. మార్చిలో నల్లద్రాక్ష. గార్గి గడప దగ్గర నిలబడి చెప్పాలి. నేను కళ్ళు మూసుకుని ఆ తోటలోకి వెళ్ళాలి.