నరసింగరావు మిలటరీ చేరిన కార్తీకం

బెజవాడ,
2-11-68

పూజ్యులైన జగన్నాధం మావయ్యగారికి మేనల్లుడు నరసింగరావు నమస్కరించి రాసుకునేది. నేను క్షేమం. ఆమదాలవలసలో మీరు, జగ్గమ్మ అత్తయ్య, పద్మకుమారి క్షేమమని తలుస్తాను.

బియ్యం మిల్లుల కంపెనీ వాళ్ళు గుమస్తా ఉద్యోగానికి పిలిచారు కదా. రోజూ వెళ్తున్నాను, రోజూ రేపు రమ్మంటున్నారు. గదిలో కూర్చోలేను. తిరిగితే ఆకలి, ఆకలైతే హోటలు. గజపతినగరంలో పుట్టి విజయనగరం దాటనివాడికి ఈ ఊళ్ళో కాలు నిలవదు.

భోజనం హోటల్లో అరిటాకు వేసి వడ్డిస్తారు. మన పులుసులో బెల్లం ఉంటుంది, వీళ్ళ పులుసులో కూడా కారమే. మొదటి ముద్దకే కళ్ళంట నీళ్ళు కారాయి. పక్కన కూర్చున్న పెద్దాయన, "ఏం బాబూ, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?" అని అడిగాడు. లేదండీ, గోంగూర అన్నాను. ఆయన తన నెయ్యి గిన్నె నా ముందుకు జరిపాడు. ఆ రెండో ముద్ద రుచి జన్మలో మరిచిపోను.

మీ షరతు మరిచిపోలేదు. ఉద్యోగం కాయితం తేవాలి, ఈ కార్తీకమంతా మీతోపాటు నీసు ముట్టకుండా నిష్ఠగా ఉండాలి, అప్పుడే పద్మకుమారిని ఇస్తానన్నారు.

ఇట్లు,
మీ విధేయుడు నరసింగరావు

తా.క.: దాచడం ఇష్టం లేక రాస్తున్నాను. మా వీధి చివర మిలటరీ హోటలు ఉంది. నిన్న ఆ వాసనకి మనసు ఆగక లోపలికి వెళ్ళాను. ఒకసారి వెళ్ళాక బయటపడటం చాలా కష్టం మావయ్యా.


ఆమదాలవలస,
5-11-68

చి. నరసింగరావును మావ జగన్నాధం దీవించి రాసేది.

నీ ఉత్తరం పైభాగం చదివి నవ్వాను. కిందిభాగం చదివాక కుర్చీలో కూర్చోలేక వీధికీ పెరటికీ మధ్య తిరుగుతున్నాను. గుమస్తా పనికని వెళ్ళినవాడివి ఆ గుమ్మం ఎందుకు ఎక్కావు? అలాంటివాడికి పిల్లనెలా ఇవ్వడం? రేపు కాలో చెయ్యో పోతే దాని గతేమిటి?

మన సిపాయి ఎర్రన్న తొమ్మిదేళ్ళు ఆ తిండే తిన్నవాడు కదా, వాణ్ణి అడిగాను. "ముందు కడుపునిండా పెడతారు మావా. ఆ తరవాత మనిషి మనిషి కాడు" అన్నాడు. ఇలాంటి ఉత్తరాలు ఎవరో ఒకరు విప్పి చదువుతారట, అందుకే విడమరిచి రాయడం లేదు. మీ అత్త "ఏటి సేసేడో సూడు" అని ఒకటే ఏడుపు. పద్మ మాత్రం నీ ఉత్తరం రెండుసార్లు చదివింది.

ఎన్ని రోజులకి ఒప్పుకున్నావో వెంటనే రాయి.

ఇట్లు,
మనసు మనసులో లేని
జగన్నాధం

తా.క.: జుత్తు తీసేశారా?


బెజవాడ,
8-11-68

పూజ్యులైన మావయ్యగారికి నరసింగరావు సిగ్గుపడుతూ రాసుకునేది.

తప్పే. మొదట ఒక్కపూటే అనుకున్నాను. ఇప్పుడు రెండు పూటలా అక్కడే. ముందు వరసలో చోటు కోసం పదకొండింటికే వెళ్ళి నిలబడుతున్నాను. లక్ష్ముడని మన శ్రీకాకుళం వైపు వాడొకడు అక్కడే పని చేస్తున్నాడు. "ఇంటికెందుకు రాసినావు బావా? ఇక్కడికొచ్చినోడెవుడూ ఇంటికాడ సెప్పడు" అని కోప్పడ్డాడు.

మొన్న ఆదివారం తలకాయల రోజన్నాడు. నేను వెళ్ళేసరికి తలకాయలన్నీ అయిపోయాయి. నాకు కాళ్ళు మాత్రం దక్కాయి.

కాలో చెయ్యో పోతుందని మీరు రాశాక భయం పట్టుకుంది. మానేస్తాను మావయ్యా. కంపెనీ వాళ్ళు నిన్న ప్రశ్నలడిగారు, కబురు చేస్తామన్నారు. అది కూడా నాకు అక్కర్లేదు, మీరు పద్మకుమారిని కాదనకుండా ఉంటే చాలు.

ఇట్లు,
నిష్ఠ చెడ్డ మేనల్లుడు
నరసింగరావు

తా.క.: జుత్తు ఇంకా తీయలేదు. తీయించక తప్పదంటే సింహాచలంలో తీయించుకుంటాను.


ఆమదాలవలస,
11-11-68

ఒరే నరసింగరావూ, దీవెనలు.

మానేస్తానంటావేమిటి, మానకు. మధ్యలో మానినవాణ్ణి వాళ్ళు ఊరికే వదలరని ఎర్రన్న ఒట్టేసి చెప్పాడు. నోరు మూసుకుని పెట్టింది తిను, ఒక్క పూట కూడా తప్పకు.

తలకాయలు అయిపోయాయని ఎంత తేలిగ్గా రాశావురా. వాటికీ తల్లులుంటారు. నీకు కాళ్ళు దక్కాయని మీ అత్త తులసికోట దగ్గర వంద వత్తులు వెలిగించింది. చెయ్యాల్సింది నేను చేస్తాను. పెళ్ళి మాట ఇప్పుడెత్తకు.

ఇట్లు,
జగన్నాధం

తా.క.: పెద్ద ఆఫీసరుకి నువ్వులుండలు ఇష్టమేనా?


బెజవాడ,
15-11-68

చి. నరసింగరావుకు జగన్నాధం ఆశీస్సులు.

ఈ ఉత్తరం మా ఇంటి చిరునామాకే రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు అక్కడ ఉన్నావు, నేను ఇక్కడ ఉన్నాను. మన రైళ్ళు ఏ అనకాపల్లి దగ్గరో ఎదురుపడి ఉంటాయి.

నిన్ను విడిపించుకు రావాలని నువ్వులుండల డబ్బా పట్టుకుని రైలెక్కాను. స్టేషను బయట రిక్షావాడితో మిలటరీకి పోనీ అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, "మంచి ఆకలి మీదున్నారు" అని తీసుకెళ్ళి ఒక హోటలు ముందు దించాడు. లోపల తుపాకీ ఉన్నవాడు ఒక్కడూ లేడు. బనీనుతో లక్ష్ముడున్నాడు. "నరసింగరావు బావా? పిల్లనివ్వరని ఏడుసుకుంటా నిన్న బండికి మీ ఊరే ఎల్లిపోనాడు" అన్నాడు. ఆఫీసరెవరని అడిగాను. వంటాయన్ని చూపించాడు.

అప్పటికి గానీ నా బుర్రకి ఎక్కలేదు. మాంసం వండే హోటలుకి ఈ ఊళ్ళో పేరే అదట. నువ్వు రాసిన వాసన తుపాకిమందు వాసనని చెప్పి ఇంటిల్లిపాదినీ ఏడిపించిన ఎర్రన్నను వచ్చాక చూసుకుంటాను.

నీ గదికి వెళ్తే కంపెనీ కాయితం వచ్చి ఉంది. డిసెంబరు రెండున చేరమన్నారు. కాయితం నా దగ్గరే ఉంది. పిల్లనిస్తాను. మాఘంలో ముహూర్తం పెట్టిస్తాను.

ఇక ఈ రెండో పేజీ నువ్వు ఒక్కడివే చదువు. నిన్నటి నుంచి తిండి లేదు. వివరాలడగడానికే బల్ల దగ్గర కూర్చున్నాను. లక్ష్ముడు ఆకు వేశాడు. ఆకు వేశాక లేవడం అన్నాన్ని అవమానించడం. వేపుడు వేశాడు, ఊరుకున్నాను. పులుసు పోశాడు. ఉల్లిపాయ నలిపి, నిమ్మచెక్క పిండి, మొదటి ముద్ద పెట్టుకునేసరికి కార్తీకం సంగతి గుర్తొచ్చింది. రెండో ముద్దకి మరిచిపోయాను. అరవై ఏళ్ళు వృథాగా తిన్నానురా. నీ నిష్ఠ సంగతి నేనెత్తను, నా నిష్ఠ సంగతి నువ్వెత్తకు.

ఇట్లు,
నీ మావ జగన్నాధం

తా.క.: ఇక్కడ కొంచెం పని ఉంది. ఆదివారం దాటాక వస్తాను. ఏం పని అని అడగకు. ఇది చదివి చింపెయ్యి.


ఆమదాలవలస,
20-11-68

నాన్నగారికి పద్మకుమారి నమస్కరించి రాసేది.

ఆదివారం దాటి మూడు రోజులైనా మీరు రాలేదు కాబట్టి హోటలు లక్ష్ముడి పేర రాస్తున్నాను.

బావ క్షేమం. సైన్యం నుంచి పారిపోయి వచ్చాడని అమ్మ బావను ధాన్యం కొట్లో దాచింది. ఎవరు తలుపు తట్టినా, "నరసింగరావా? ఆడెవుడు?" అనేది. అందుకే బావ పేర వచ్చిన ఉత్తరం పోస్టు జవాను నా చేతికిచ్చాడు. అమ్మ చదవమంటే మొదటి పేజీ చదివాను. రెండో పేజీ తిప్పి, నాన్న క్షేమం, అంతే ఉంది అన్నాను. ఆ పేజీ నా ట్రంకు పెట్టెలో ఉంది. చింపలేదు.

మాఘం చాలా దూరం నాన్నా. బావ రెండో తారీకున ఉద్యోగంలో చేరాలి. ఒంటరిగా వెళ్తే మళ్ళీ ఏ గుమ్మం ఎక్కుతాడో, నాకు భయంగా ఉంది. అంతకాలం ఆ రెండో పేజీ నా పెట్టెలోనే ఉంటుందని కూడా మాటివ్వలేను. పంతులుగారిని నేనే వెళ్ళి అడిగాను. ఈ మార్గశిరంలో వచ్చే గురువారం దివ్యంగా ఉందన్నారు. ఖాయం చేసేశాను.

ఇట్లు,
మీ కూతురు పద్మకుమారి

తా.క.: మీ సమ్మతి ఏదని అమ్మ అడిగింది. రెండో పేజీ కింద నాన్న సంతకం ఉంది, చూపించమంటావా అన్నాను. అమ్మకి చదవడం రాదు, సంతకం మాత్రం గుర్తుపడుతుంది. అయినా పై భాగం మడిచే చూపించాను.