నాయనమ్మ చెప్పిన మాట

దిల్‌సుఖ్‌నగర్

బాపూ, నాయనమ్మ నిమ్మళంగా ఉంది, పరేషాన్ కావద్దు.

నిన్న ఎల్‌బీ నగర్ దవాఖానలో డాక్టరమ్మ, ఇక ముందు ఊపిరి అందకపోతే మిషన్ పెట్టాలా అని నాయనమ్మనే అడిగింది. “గొట్టాలొద్దు బిడ్డా. నొప్పి తెల్వకుంట సూడు, నా మంచంలనే పోత” అంది. నోరు పడిపోతే ఎవరిని అడగాలంటే నన్ను చూపించి, “దీన్ని ఊకెనె సదివిచ్చినమా? గిదే నా నోరు” అంది. డాక్టరమ్మ అదంతా కాగితం మీద రాసి చదివి వినిపించాక నాయనమ్మ వేలిముద్ర వేసింది.

ఫోన్‌లో చెబితే గజేందర్ పెదనాన్న మిషన్ పెట్టాల్సిందేనని కొట్లాడతాడు, అందుకే పోస్టుకార్డు రాస్తున్నాను. పోస్టుమ్యాన్‌తో ఆయన ముందే గట్టిగా చదివించు. ఎవరు కాదన్నా ఈ మాట మారదు.

ముందు గదిలో మంచం నులక బిగించు, శుక్రవారం నాయనమ్మను ఇంటికి తీసుకొస్తున్నాను. బర్రె ఈనిందా? ఆమె జున్ను అడుగుతోంది. అమ్మను బెంగపడవద్దని చెప్పు.

నాయనమ్మ నోరు,
రవళి