ఆయనకి ఎడమ పక్కన

చిట్టీ,

నీ ఫోను వచ్చినప్పుడు మీ వదిన పక్కనే కూర్చుని ఉంది. అందుకే "తరవాత చెప్తాలే" అని పెట్టేశాను. అలిగే ఉంటావు. ఈ ఉత్తరం చదివాక కూడా కోపం తగ్గకపోతే అప్పుడు తిట్టు. అక్షరాలు ఇంత లావున ఎందుకున్నాయని నవ్వకు, దాని సంగతి చివర్లో చెప్తాను.

మొత్తానికి మీ లిఫ్టుల కంపెనీ వాళ్ళు నిన్ను శనివారం మేం మౌనముని అని పిలుచుకునే బిల్డరుతో గోల్ఫ్ ఆడటానికి పంపుతున్నారన్నమాట. ఆయన కట్టబోయే భవనాలకి మీ లిఫ్టులు పెట్టించే భారం నీ నెత్తిన పడింది. ఆయనకి గోడల రంగులు అమ్ముతూనే నా జుట్టు నెరిసింది కాబట్టి, అక్కడ ఎలా మసలుకోవాలో అన్నయ్యని అడిగావు. మంచి పని చేశావు. ఇంతకాలానికి నా దగ్గర నేర్చుకునేది ఒకటి ఉందని ఒప్పుకున్నావు.

ఆయన బంతి కొట్టేటప్పుడు నోరు మూసుకుని ఉండు. నీకది ఎంత కష్టమో ఎరుగుదును. అయినా తప్పదు. నీ నీడ ఆయన బంతి మీద పడకూడదు, నీ ఫోను మోగకూడదు. ఇసుక గుంటలో దిగితే నీ అడుగులు నువ్వే చదును చేసి పైకి రావాలి. ఇవన్నీ ఎవరైనా చెప్తారు. ఎవరూ చెప్పనిది ఏమిటంటే, ఆట మధ్యలో లిఫ్టుల మాట ఎత్తకు. మా కంపెనీలో నాకంటే ముందు ఆయన దగ్గరికి వెళ్ళినవాడు బంతి వేసే మొదటి గుంట దగ్గరే రేటు గురించి మొదలుపెట్టాడు. ఆయన ఒక్క మాటా అనలేదు. ఆటంతా ఆడి, టీ తాగించి, బండి దాకా వచ్చి సాగనంపారు. మళ్ళీ పిలిస్తే ఒట్టు.

ఓడిపోదామని మాత్రం చూడకు. గుంటకి జానెడు దూరంలో బంతి ఆగితే "పడిందనుకుందాం లెండి" అని ఎదుటివాళ్ళకి వదిలేయడం ఈ ఆటలో మర్యాద. కొత్తలో నేను ఆయన్ని మంచి చేసుకుందామని బారెడు దూరంలో ఉన్నదాన్ని కూడా వదిలేశాను. ఆయన నావైపు చూసి, "నేను ఆడుకోవడానికి వచ్చానండీ" అన్నారు. అని ఆడారు. బంతి పక్కనుంచి పోయింది. ఓడిపోయినందుకు చిన్నపిల్లాడిలా నవ్వారు. అలాంటి మనిషి ఆయన. ఒకసారి చెట్ల వెనక ఆకుల్లో ఉన్న బంతి, ఆయన కర్ర ఆనించగానే కదిలిందట. నేను చూడలేదు, దేవుడు తప్ప ఎవరూ చూడలేదు. బయటికి వచ్చి "నాకొక దెబ్బ ఎక్కువ కలుపుకోండి, బంతి కదిలింది" అన్నారు. ఆ ఒక్క దెబ్బ ఎక్కువైనందుకే ఆ రోజు ఓడిపోయారు. వ్యాపారంలో ఉంటూ అలా బతకగలగడం నేను మరొకరిలో చూడలేదు.

ఆయనకో అలవాటుంది. నువ్వు కొట్టగానే నీ బంతి ఎక్కడ పడిందో చంటిపిల్లకి చెప్పినట్టు చెప్తారు. "అదుగో, ఆ తెల్ల గుంజకి ఇవతల, గడ్డిలో" అంటారు. మేమిద్దరమే ఆడేవాళ్ళం గానీ, అందరితోనూ ఇంతేననుకుంటా. విసుక్కోకుండా "థాంక్యూ సర్" అను.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. నడిచేటప్పుడు ఎప్పుడూ ఆయనకి ఎడమ పక్కన నడు. ఏదైనా చెప్పాలంటే నీ మొహం ఆయనకి కనబడేలా నిలబడి చెప్పు. ఎందుకని అడక్కు.

ఇక అక్షరాల సంగతి. నా చూపు పోతోంది చిట్టీ. రెండు కళ్ళకీ సరిగ్గా నడిమధ్యన మసక మచ్చ. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకుందామన్నాడు డాక్టరు. ఎదురుగా మనిషి ఉంటే భుజాలు తెలుస్తాయి, మొహం తెలియదు. మీగడ రంగుకీ లేత పసుపుకీ తేడా చెప్పి బతికినవాణ్ణి, ఇప్పుడు డబ్బా మీద పేరు కూడబలుక్కుంటున్నాను. ఇంట్లో తెలియదు, ఆఫీసులో తెలియదు. మౌనమునికి అసలే తెలియదు. కొట్టిన బంతి ఎగరడం వరకే నాకు తెలిసేది. ఆయన అలవాటు పుణ్యమా అని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. కానీ ఎప్పుడో ఒకనాడు దొరికిపోతాను. అప్పుడు పాపమని జాలిపడి ఆర్డరు ఇస్తారేమో. ఆయన దగ్గర జాలి పుచ్చుకోవడం కంటే నాకు చావు నయం. అందుకే నడుం నొప్పని చెప్పి ఆట మానేశాను. రాజీనామా రాసి సొరుగులో పెట్టాను, నెలాఖరుకి ఇచ్చేస్తాను. ఉద్యోగం పోతే పోయింది గానీ, ఆ శనివారాలు పోయాయన్నదే మింగుడుపడటం లేదు.

వదినకి చెప్పకు. శనివారం బాగా ఆడు.

నీకు కర్ర పట్టుకోవడం నేర్పిన
అన్నయ్య


అన్నయ్యా,

నేనూ లావు పెన్నుతోనే రాస్తున్నాను, కూడబలుక్కోకుండా చదువు. నీ ఉత్తరం రెండు రోజులు మళ్ళీ మళ్ళీ చదివాను. ఏడుపు సంగతి ఎదురుపడ్డాక తేల్చుకుంటాను. ముందు శనివారం ఏం జరిగిందో విను.

మేం ముగ్గురం ఆడాం. మౌనముని గారు, నేను, ఆయన భవనాలకి ప్లాన్లు గీసే ఆర్కిటెక్టు. నువ్వు చెప్పినట్టే నోరు కట్టేసుకున్నాను, నా నీడని కూడా కాపలా కాశాను. లిఫ్టు అన్న మాట పొరపాటున కూడా రానివ్వలేదు. ఆయన్ని ఓడించడానికి ప్రాణం పెట్టి ఆడాను. నేను బాగా కొట్టినప్పుడల్లా ఆయనే ముందు "బాగుంది" అన్నారు.

కానీ నా బంతి ఎక్కడ పడిందో ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆర్కిటెక్టుకీ చెప్పలేదు. ఒకసారి నా బంతి పొదల్లోకి పోతే ముగ్గురం వంగి వెతుక్కున్నాం. నాకు ఉండబట్టలేదు. ఆర్కిటెక్టు దూరంగా ఉన్నప్పుడు ఎడమ పక్కకి చేరి, "సర్, ఎవరి బంతి ఎక్కడ పడినా మీరే చెప్పేస్తారని మా అన్నయ్య అన్నాడు. నాకెందుకు చెప్పడం లేదు?" అని అడిగాను.

"మీ కళ్ళు బాగానే ఉన్నాయిగా" అన్నారు.

అనేసి నాలిక కరుచుకున్నారు. ఆయన మొహం వాడిపోయింది. చేతిలో కర్ర గడ్డి మీద పడేసి, "మీకు తెలుసా?" అన్నారు. మొన్ననే తెలిసిందన్నాను. "చాలాకాలం క్రితం ఒకరోజు మీ అన్నయ్య నా బంతి దగ్గర నిలబడి, అది ఎవరిదని నన్నే అడిగాడు. అప్పుడు అర్థమైంది. అడిగితే నొచ్చుకుంటాడని అడగలేదు. పడిన చోటు చెప్తే సరిపోతుంది కదా అనుకున్నాను" అన్నారు. ఇన్నాళ్ళూ నువ్వు అలవాటనుకున్నది, అన్నయ్యా, నీ ఒక్కడి కోసం.

జాలి మాట కూడా అడిగేశాను. నా నోరు నీకు తెలుసుగా. ఆయనకి కోపం వచ్చింది. "మీ అన్నయ్య పంపిన రంగుకి గోడలు పొక్కులు లేచినప్పుడు ఆర్డరు ఆపేసిందెవరు? నేను కాదూ? అప్పటికే నాకు కళ్ళ సంగతి తెలుసు. మంచి సరుకు పంపాకే మళ్ళీ తీసుకున్నాను. అది వేరు, ఇది వేరు" అన్నారు. ఇంక నువ్వు ఆ చావు కబుర్లు కట్టిపెట్టు.

తరవాత ఆర్కిటెక్టు వచ్చి, కుడి పక్కనుంచి ఏదో అడిగాడు. మళ్ళీ అడిగాడు. ఈయన తల కూడా తిప్పలేదు. అతను వెనక్కి తగ్గి నాతో "పొగరు చూశారా" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు, ఎడమ పక్కన ఎందుకు నడవమన్నావో. ఈయన మౌనముని ఎలా అయ్యారో కూడా.

ఆట అయ్యాక ఆయనే అడిగారు. "మొదట్నుంచీ ఎడమ పక్కనే నడిచారు. ఎవరు చెప్పారు?" అన్నయ్య అన్నాను. "ఎందుకో చెప్పాడా?" అంటే, అడక్కన్నాడు అన్నాను. ఆయన టోపీ తీసి చేతిలో తిప్పుతూ చెప్పారు. కుడి చెవికి వినికిడి ఎప్పుడో పోయిందట. ఇంట్లోవాళ్ళకి తప్ప బయట ఎవరికీ తెలియదనే ధైర్యంతో తిరుగుతున్నారట. "మీ అన్నయ్యకి అటుపక్క నడవడం అలవాటేమో అనుకున్నాను" అన్నారు.

ఇద్దరూ ఇద్దరే. చూపు లేనివాడు ఆయన చెవి కనిపెట్టాడు, వినికిడి లేనాయన నీ కళ్ళు కనిపెట్టాడు. ఒకరికొకరు తెలియనివ్వకుండా ఇంత మర్యాదగా మసలుకున్న మీ ఇద్దర్నీ తలుచుకుంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

లిఫ్టుల సంగతి సోమవారం ఆఫీసులో, అందరితో పాటు రేటు ఇచ్చి మాట్లాడమన్నారు. నీకు మాత్రం ఒక కబురు చెప్పమన్నారు. ఎడమ పక్కన మనిషి లేక శనివారాలు తోచడం లేదట.

వదినకి నువ్వే చెప్పు. ఆదివారంలోపు చెప్పకపోతే నేనే బయలుదేరి వస్తాను.

నోరు మూసుకుని ఆడిన
చిట్టి


చిట్టీ,

వదినకి చెప్పాను. కళ్ళు పోతున్నందుకు ఏడ్చింది, చెప్పనందుకు తిట్టింది. తిట్టడమే ఎక్కువసేపు సాగింది. ఆఫీసులోనూ చెప్పాను. రంగులు సరిచూసే పని మరొకరికి అప్పగించి, మనుషుల్ని చూసుకునే పని నాకే ఉంచారు. రాజీనామా వదిన చించేసింది. సోమవారం ఆయన రేటు దగ్గర నిన్ను పిండేసి సగం భవనాలే ఇచ్చారని విన్నాను. సంతోషించు, ఊరికే ఇచ్చే మనిషి కాదు.

నిన్న ఆటకి వెళ్ళాను. ఆయన వచ్చి చెయ్యి కలిపారు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎప్పటిలాగే ఎడమ పక్కకి చేరాను. మొదటి బంతి నేనే కొట్టాను. ఎగిరింది, నా కంటి మచ్చలోకి పోయింది. ఆయన చెప్పబోతున్నారని తెలుసు. ఆయన నోరు తెరిచేలోపు నేనే అడగాలనుకున్నాను. చివరికి గొణుగుతున్నట్టే, "కనబడలేదు సర్. ఎక్కడ పడింది?" అన్నాను.

ఎవరి మాట అందకపోయినా తల ఊపి ఊరుకునే మనిషి. ఇన్నేళ్ళలో "ఏమిటీ?" అని అడగగా నేను వినలేదు. నిన్న మాత్రం ఆగి, నావైపు వంగి, ఎడమ చెవి వెనక చెయ్యి పెట్టుకుని, "నాకు వినబడలేదు. కొంచెం గట్టిగా చెప్పండి" అన్నారు.

గట్టిగానే చెప్పాను. పక్క గుంట దగ్గర ఆడేవాళ్ళు కూడా తిరిగి చూశారు.

అన్నయ్య