చరణంతో సహా చెందవలసినది

ప్రొద్దుటూరు మెయిన్ బజారు వెనక వీధిలో ఉంటున్న కొప్పర్తి సుబ్బరాయశెట్టి కొడుకు నాగేశ్వరయ్య, వయసు డెబ్బై ఎనిమిది, వృత్తి సంగీతం చెప్పడం, కృతులు కట్టడం, తన ఇష్టపూర్వకంగా రాసిన వీలునామా ఏమనగా: నా బుద్ధి స్థిరంగానే ఉంది. శ్రుతి ఏ మాత్రం జారినా పక్క గదిలోంచి పట్టుకుంటున్నాను. బట్టల అంగడి తమ్ముడికి వదిలేసి తంబురా పట్టిన రోజు నుంచీ నా బుద్ధి మీద మావాళ్లకు అనుమానం ఉంది గానీ, దానికీ వయసుకూ సంబంధం లేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. పెట్టేంత ఆస్తి కూడా లేదు.

1. నేనుంటున్న ఇల్లు జమ్మలమడుగులోని నా చెల్లెలు నిర్మలమ్మకు సర్వహక్కులతో చెందవలసినది. నా పాట బాగుందని ఆమె ఒక్కనాడూ అనలేదు. అయినా కచేరీ ఉన్నప్పుడల్లా మిరియాల పాలు ఫ్లాస్కులో పోసుకుని బస్సెక్కి వచ్చేది. ఆ ఫ్లాస్కు నా దగ్గరే ఉండిపోయింది, తీసుకుపోవాలి.

2. దసరా ఉత్సవాల్లో నాకు కప్పిన శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. ఉపన్యాసాలన్నీ అయ్యి, జనం చెప్పులు వెతుక్కునే వేళకు నాకు పాడే అవకాశం ఇచ్చేవారు. శాలువాలు ఉత్సవ కమిటీకే తిరిగి ఇవ్వాలి. ఒక్కటీ రెండోసారి కప్పుకోలేదు, ఇంకెవరికైనా పనికొస్తాయి.

3. నా శిష్యుడు గోపీకృష్ణ ఇప్పుడు పెద్ద పెద్ద సభల్లో పాడుతున్నాడు. గండికోట లోయ అంచున కూర్చుని మోహన రాగంలో పెన్నా నది మీద నేను కట్టిన పెన్నమ్మ కృతికి పేరు తెచ్చింది అతనే, కాదనను. అయితే పల్లవి, అనుపల్లవి పాడి అక్కడితో ముగిస్తాడు. కట్టినవాడి పేరు వచ్చేది చివరనున్న చరణంలో. పోయిన దసరాకు నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి మరీ అలాగే పాడాడు. ఎవరో పూర్వకాలపు మహానుభావుడి రచన అని కమిటీవారు మైకులో ప్రకటించారు. ఆ మహానుభావుడు అప్పుడు శాలువా కప్పుకుని వాళ్లెదురుగానే కూర్చుని ఉన్నాడు. తర్వాత అడిగితే, "ఏం జేసేది సార్, చరణం ఎత్తుకుంటే జనం లేసి పోతాండారు" అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. అది నా పేరు కోసం కాదంటే అబద్ధమే. కానీ నది లోయలోకి దిగేది కూడా ఆ చరణంలోనే. అతను పాడే పెన్న లోయకు ఎగువనున్న తాడిపత్రి దాటకుండానే ఇంకిపోతుంది. అందువల్ల గోపీకృష్ణకు ఏమీ లేదు.

4. పులివెందులలో పిల్లలకు పాఠం చెప్పుకుంటున్న నా శిష్యురాలు భవ్యకు నా తంబురా, నా కృతులన్నిటి మీద హక్కులు చెందవలసినవి. చిన్నప్పుడు ఆ చరణం నేర్పితే, నది లోయ దాటి, పాట పైకి లేచే చోట ఊపిరి చాలక పంచమం మీద ఆగి, గాలి పీల్చుకుని మళ్లీ అందుకునేది. ఒక్క ఊపిరిలో పోవాలని కేకలేశాను. "యాడ ఆగినా తిడతావు సార్, ఆడ ఆగితే శానా బాగుంటాది" అని మొండికేసింది. ఇప్పుడు దాని శిష్యులంతా అక్కడే ఆగుతున్నారు, ఊపిరి ఉన్నవాళ్లతో సహా. ఈ మధ్య నాకూ ఊపిరి అందక అదే చోట ఆగవలసి వచ్చింది. ఆగితే నిజంగానే బాగుంది. కట్టినవాణ్ణి నేనే అయినా ఆ చోటు నాకింతకాలం వినపడలేదు. ఒంటరిగా ఉన్నాను కాబట్టి కాసేపు ఏడ్చాను. కనుక నేటి నుంచి భవ్య పాడినదే సరైన పాఠం. దీని మీద తకరారు చేసే హక్కు నాతో సహా ఎవరికీ లేదు.

5. నాకు సంతాప సభ పెట్టరాదు. పెట్టి తీరుతామంటే, ఉపన్యాసాలప్పుడు మైక్ సెట్ జాకీర్ కరెంటు పోయిందంటాడు, చరణం వేళకు తెప్పిస్తాడు. అతనితో ముందే మాట్లాడుకున్నాను.

ఏమీ దక్కనివాళ్లను సాక్షులుగా పెట్టుకోవడం మేలని వకీలు చెప్పారు. గోపీకృష్ణను మించి తగినవాడు నాకు కనపడలేదు. పిలిస్తే ఎందుకని అడగకుండా వచ్చేస్తాడు, అంత మంచివాడు. సంతకం మాత్రం ఇంటిపేరుతో సహా చివరిదాకా చేయాలి. మధ్యలో ఆపరాదు.

ప్రొద్దుటూరు,
14 నవంబరు 2024

(సం) కొప్పర్తి నాగేశ్వరయ్య

సాక్షులు:
1. గోపీ (కొట్టివేత) జూటూరు గోపీకృష్ణ
2. షేక్ జాకీర్, మైక్ సెట్

కొట్టివేత ఒకటి, మొదటి సాక్షి సంతకంలో. నా ఎదుటనే జరిగింది. మళ్లీ మొదటి నుంచి, పూర్తిగా చేశాడు.

(సం) కొ. నా.