పచ్చ చుక్క

బ్రిడ్జర్ ఫ్లాట్, మోంటానా
జూన్

ప్రియమైన తమ్ముడు ఓరిన్‌కి,

నీ పిస్టల్ స్లైడ్, అదే పైన జరిగే ఇనప భాగం, ఈ పెట్టెలోనే ఉంది. గురి చూసుకునే పాత నల్ల సైట్ తీసేసి, నువ్వు అడిగినట్టే ఆకుపచ్చ ప్లాస్టిక్ ఫైబర్ పుల్ల ఉన్న ముందు సైట్ సుత్తితో తట్టి బిగించాను. పగటి వెలుతురంతా పుల్ల లోపలికి లాక్కుని, నీ కంటికెదురుగా చుక్కలా వెలుగుతుంది. మీ షూటింగ్ రేంజిలో గుళ్లు ఆపే గట్టు ఎర్రమట్టిది కాబట్టి పచ్చే కంటికి తేలిగ్గా దొరుకుతుందన్నావు, నిజమే. సైట్ కూడా సన్నదే ఎంచాను. వెనక సైట్ గాడిలో దానికి అటూ ఇటూ కాస్త వెలుతురు కనబడితేనే కదా గురి చటుక్కున కుదిరేది. పుల్ల రెండు కొసలూ లైటర్‌తో కరిగించి ఉబ్బించాను, జారిపోదు. తుడిచేటప్పుడు మసి వదిలించే సాల్వెంట్ మాత్రం పుల్లకి తగలనివ్వకు, పెళుసెక్కుతుంది.

ఆగస్టు రాష్ట్ర పోటీకి క్లబ్ జట్టులో నీ పేరు ఉండి తీరాలి. నాన్న ఆడిన జట్టులో మనింటివాడు లేకపోతే నాకు ముద్ద దిగదు.

ప్రేమతో,
అక్క వెల్డా


కోల్ క్రీక్
జూన్ చివర

ప్రియమైన అక్కకి (ఇవాళ ప్రియం కాస్త తక్కువే),

పచ్చ అడిగితే ఎరుపు పెట్టావేంటి? పైగా పచ్చ అని ఉత్తరం కూడా రాశావు! వేళాకోళమా? ఎర్రమట్టి గట్టు మీద ఎర్ర చుక్కని వెతుక్కునేలోపు మిగతావాళ్లు కాల్చేసి, గుళ్లు మళ్లీ నింపుకుంటున్నారు. నా చోటు కోసం కాచుక్కూచున్న డ్వైట్ పెల్ తెలుసుగా, అందరి ముందూ అన్నాడు: "ఏం ఓరిన్, మీ అక్క క్రిస్మస్ దీపం బిగించిందా? మిగతావి చెట్టుకి కట్టుకో!" కాఫీ కప్పులు పట్టుకుని ఒకటే నవ్వులు. నాకు తల కొట్టేసినట్టయింది.

జట్టు ఎంపిక జూలై ఆఖరున. స్లైడ్ తిరిగి పంపుతున్నాను. ఈసారైనా సరిగ్గా చెయ్యి.

నీ తమ్ముడు,
ఓరిన్


బ్రిడ్జర్ ఫ్లాట్
జూలై

ప్రియమైన ఓరిన్‌కి,

ఎరుపేదో పచ్చేదో తెలియకుండానే ఇన్నాళ్లూ నాన్న తుపాకుల దుకాణం నడుపుతున్నానా? నలభై దాటావు బాబూ, ముందు నీ కళ్లు చూపించుకో! డ్వైట్ నవ్వితే నా మీద పడతావేంటి?

సరే, మొత్తం ఊడదీసి కొత్త సైట్ బిగించాను. కిటికీ దగ్గర కూర్చుని, ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను. రేంజికి వెళ్లి కాల్చి, ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాయి. అక్క కదా అని మొహమాటపడకు.

వెల్డా


కోల్ క్రీక్
జూలై

అక్కా,

నువ్వన్నావని కళ్లు చూపించుకున్నాను. డాక్టరమ్మ "గద్ద కళ్లయ్యా నీవి" అంది. కాబట్టి ఇక నీ పని సంగతి విను.

పచ్చే పెట్టావు, సంతోషం. కానీ సైట్ నడిమధ్యలో లేదు, ఎడమకి జరిగి ఉంది. గుళ్లన్నీ కుడిపక్కకి పోతున్నాయి. పుల్ల పొట్టిగా కోశావు, ఒక కొస అసలు కరగనే లేదు. కాలుస్తుంటే ఊడి గడ్డిలో పడింది. మోకాళ్ల మీద పాకుతూ వెతుకుతుంటే డ్వైట్ వచ్చి, "ప్రార్థన అయ్యాక చెప్పు, నా వంతు" అన్నాడు.

నాన్న చెయ్యి పట్టుకుని నేర్పిన పని ఇదేనా? నా పని నీకు బరువైతే ఆ ముక్క చెప్పు, ఇంకో దుకాణానికి పంపుకుంటాను. వచ్చే ఆదివారమే ఎంపిక. నాకు ఏడుపొస్తోంది, కోపమూ వస్తోంది.

ఓరిన్


బ్రిడ్జర్ ఫ్లాట్
జూలై

ప్రియమైన ఓరిన్‌కి,

నీ ఉత్తరం నేను చదవలేదు. టపా తెచ్చే లీనా చదివి వినిపించింది. అక్షరాలు ఇంత పెద్దపెద్దగా రాశానని నవ్వకు.

చలికాలం నుంచీ గిరాకీ తగ్గుతోంది. ఎలా ఉందని అడిగితే అందరూ "బ్రహ్మాండం వెల్డా" అంటారు, తర్వాతి పని మాత్రం వేరే ఊరికి పంపుతారు. ముఖం మీద చెప్పేవాడివి నువ్వొక్కడివే. నువ్వు ఎరుపన్నాక పుల్లలన్నీ కిటికీ దగ్గర పెట్టుకుని చూశాను. అన్నీ ఒకే రంగు గడ్డిపోచల్లా ఉన్నాయి. భయమేసింది, ఆ భయంతోనే నీ కళ్లని ఆడిపోసుకున్నాను. రెండోసారి పచ్చ పుల్ల తీసిచ్చింది లీనా. మిగతా పనంతా నేనే, నాకు చేతనైనంత జాగ్రత్తగా చేసి, నువ్వేమంటావోనని ఎదురుచూశాను. నువ్వు బాగుందని రాసుంటే ఇంకో ఏడాది నన్ను నేను మోసం చేసుకుందును.

నిన్న డాక్టరుకి చూపించుకున్నాను. రెండు కళ్లలోనూ శుక్లాలట. వచ్చే నెల ఆపరేషన్, చూపు తిరిగొస్తుందన్నాడు. నీ ఎంపిక అప్పటిదాకా ఆగదు కదా. అందుకని శుక్రవారం స్లైడ్ తీసుకుని బండెక్కి రా. హకుల్‌బెర్రీ పళ్లతో తీపి పై రొట్టె చేస్తాను, ఉప్పు డబ్బా ఏదో పంచదార డబ్బా ఏదో లీనా చూసిపెడుతుందిలే. కొత్త సైట్, పుల్లలు, నాన్న సుత్తి బల్ల మీద సిద్ధంగా ఉంచాను. నా చేతులు ఇంకా బాగానే ఉన్నాయి తమ్ముడూ. పచ్చదేదో, సైట్‌కి మధ్య ఎక్కడో నువ్వు చూసి చెప్పు, సుత్తి దెబ్బ నేను వేస్తాను.

నీ తిట్ల కోసం కాచుక్కూచునే
అక్క వెల్డా